రెండో ప్రతి

ఇస్కపల్లి కాడ మూడో నంబరు గుంట.
రాత్రి పదకొండుకి మేత వేసేశా,
చెక్ ట్రే ఎత్తి చూశా, రొయ్య బాగానే తింటా ఉండాది.
ఇంక తెల్లారిందాకా
ఏరియేటర్లదీ నాదీ కాపలా.

రేకుల షెడ్డులో మేత బస్తాలే బల్ల.
వాటి మీద పాత ల్యాప్‌టాప్, 'ఎఫ్' మీట ఊడిపొయ్యింది.
కావలిలో నెట్ సెంటరు మూసేస్తా
జిలానీ బాషా నా చేతిలో పెట్టిన హార్డ్ డిస్క్.
"నాలుగువేల పైచిలుకు పుస్తకాలుండాయి పోలయ్యా,
నేనైతే ఒక్కటీ తెరవలా.
నువ్వు తెరువు."

తెరిస్తే ఏముంది, వల దులిపినట్టే.
చేపా, నాచూ, గవ్వా, తెగిన చెప్పూ.
'స్కాన్ 0047'. 'కొత్త ఫోల్డర్'లో కొత్త ఫోల్డర్.
'ఫైనల్'. 'ఫైనల్ ఇది కాదు'.
రచయిత: తెలియదు.
రచయిత: తెలియదు.
రచయిత: అడ్మిన్.
ఈ అడ్మిన్ అనే ఆయన ఎవురోగానీ
ఊరగాయలూ, జాతకాలూ, గొర్రెల జబ్బులూ
అన్నీ ఆయనే రాసుండాడు.

సాఫ్ట్‌వేరుకి మన పేర్లు పట్టుబడవు.
ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం కదా మనం,
అది చివరి మాటని ఇంటిపేరనుకోని
వరసలో నిలబెడతాది.
దాని లెక్కన రావులందరిదీ ఒకటే కొంప.
రెండు నెల్లు పట్టింది నాకు
ఎవరింటికి వాళ్లని చేర్చేదానికి.
సరదాకి నా పేరు కొట్టి చూశా, పామంజి పోలయ్య.
'పోలయ్య, పామంజి' అంది,
హాజరు పిలిచే కొత్త అయివారి మాదిరి.

పాత ఫాంటు పుస్తకాలది ఇంకో బాధ.
తెరిస్తే పేజీ నిండా తెల్లటి గళ్లు,
నీళ్లు పెట్టిన ఉప్పుమళ్ల మాదిరి.
లోపల మాట ఉండాది.
ఎండితేగానీ తేలదు.

నిన్న రాత్రి
రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి
'ఇవి ఒకటే, ఒకటి తీసేయనా' అనడిగింది.
నాటుపడవలు కట్టే పని మీద
ఎవరో రాసిన చిన్న పొత్తం.
ఒక ప్రతి తోమిన గిన్నె మాదిరి ఉండాది, బరువూ తక్కువే.
రెండోది వంకరగా స్కానయ్యింది,
మూలన ఎవరిదో బొటనవేలు కూడా పడింది.
తీసేయబోయి, ఎందుకో, తిప్పా.

పెన్సిలు.
పేజీ పేజీకీ సన్నటి గీత.
'నిజం.'
'మా మామ ఇట్టానే అనేవాడు.'
'ఇది తప్పు. గడకి తుమ్మ కాదు, సరుగుడు.'
నూట పన్నెండో పేజీలో, అడుగున,
'కరెంటు పొయ్యింది. మిగతాది రేపు.'

నూట పదమూడు నించి గీత లేదు.
చివరిదాకా తిప్పా. మళ్లా తిప్పా.
స్కాన్ చేసినాయన బొటనవేలు తప్ప
ఇంకో మనిషి జాడ లేదు.

తీసేయలా.
మనకి కావాల్సిన గడి మనమే
కట్టుకోవచ్చంట ఈ సాఫ్ట్‌వేరులో.
ఒకటి కట్టా, 'ఎందాకా వచ్చారు' అని.
నాలుగువేల పుస్తకాలకీ అది ఖాళీ.
దీనికొక్కదానికి, 112.

అప్పుడాగినాయి ఏరియేటర్లు.
ఆ నిశ్శబ్దం నిద్రలో ఉన్నా లేపుతాది మమ్మల్ని,
ఆలస్యమైతే రొయ్యంతా నీళ్ల మీదకి తేలతాది.
టార్చి పళ్లతో పట్టుకోని, గట్టు మీద పరుగు.
జనరేటరు నాలుగు తిప్పులకి దగ్గింది,
ఐదో తిప్పుకి అందుకుంది.

తిరిగొస్తే బ్యాటరీ మీద తెర ఎలుగుతా ఉండాది.
చేతులకి డీజిల్ కంపు, బస్తాకి తుడుచుకున్నా.
నూట పదమూడు.
అక్కడనించి నేను మొదలుపెట్టా.

నూట ఇరవై ఒకటిలో
రాసినాయనే ఒప్పుకున్నాడు:
'ముందు తుమ్మ అని రాసితిని, పొరపాటు.
గడకు సరుగుడే మేలు.'

ఈ సంగతి ఏ గడిలో రాయాల్నో
ఇంకా తేలలా.